జానెడు పీటల మీద హనోయి

వియత్నాం ఈ-వీసా దరఖాస్తులో తొలి గడి ఇంటిపేరుది. ఆ ఒక్క గడి దగ్గర మా నలుగురి ప్రయాణం ఒక సాయంత్రమంతా ఆగిపోయింది. నా పాస్‌పోర్టులో ఇంటిపేరు విడిగా ఉంది. మా ఆవిడ పాస్‌పోర్టులో ఆ గడి ఖాళీ, పేరంతా ఒకే వరుసలో పరుచుకుంది. మా బావమరిది ఇంటిపేరు వెళ్లి అతని పేరు చివర చేరింది. అతని భార్య పాస్‌పోర్టు పెళ్లికి ముందు తీసుకున్నది, అందులో ఇంకా పుట్టింటి పేరే ఉంది. హనుమకొండ చౌరస్తా దగ్గర నెట్ సెంటర్ నడిపే అబ్బాయి నాలుగు పాస్‌పోర్టులూ తిరగేసి, ఇది రోజూ చూసేదే అన్నట్టు తల ఊపాడు. ఫోటో పేజీ అడుగున బాణం గుర్తులతో రెండు వరుసలు ఉంటాయి కదా, యంత్రం చదివేది వాటినే; కాబట్టి అక్కడ ఎలా ఉంటే దరఖాస్తులోనూ అలాగే నింపాలి, మన ఇష్టం కాదు అని తేల్చేశాడు. ఒకసారి ప్రవేశానికి రుసుము 25 డాలర్లు. దరఖాస్తు తిరస్కరిస్తే డబ్బు వెనక్కి రాదు. ఏ విమానాశ్రయంలో దిగుతామో కూడా ముందే చెప్పాలి. మేము హనోయిలోని నోయి బాయి అని పెట్టాం. వీసా మెయిల్‌కు వచ్చింది. రంగుల ప్రింటు అక్కర్లేదని ఆ అబ్బాయి చెప్పినా, మా బావమరిది రంగుల్లోనే తీయించి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నాడు.

తీరా అక్కడికి వెళ్లాక తెలిసిందేమిటంటే, వాళ్లూ మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు. పైగా దేశంలో పది మందిలో ముగ్గురు నలుగురి ఇంటిపేరు ఒక్కటే, న్గుయెన్. కాబట్టి ఇంటిపేరుతో ఎవరినీ పిలవరు, పిలిస్తే వీధిలో సగం మంది వెనక్కి తిరుగుతారు. ఇంత దగ్గరి పద్ధతి ఉన్న దేశం దరఖాస్తు దగ్గర మనల్ని ఇంతగా కంగారుపెట్టడం నాకు అన్యాయంగానే తోచింది.

సామాన్ల సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అది ఏ తెలుగు కుటుంబానికైనా ఒక్కటే. నాలుగు రకాల పొడులు, చింతకాయ పచ్చడి, ఒక ఎలక్ట్రిక్ కెటిల్, డబ్బా నిండా సకినాలు. వరంగల్ నుంచి శంషాబాద్ దాకా కారులో ఆ డబ్బా మా ఆవిడ ఒళ్లోనే ఉంది. సూట్‌కేసులో పెడితే సకినాలు విరిగిపోతాయట.

దిగగానే మొదటి విడ్డూరం డబ్బు. రూపాయికి దాదాపు మూడు వందల డాంగులు. వంద డాలర్ల నోటు ఒకటి మార్చగానే చేతికి పాతిక లక్షల పైచిలుకు వచ్చింది. మా బావమరిది ఆ కట్టను రెండు చేతులా పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. జీవితంలో మొదటిసారి లక్షాధికారి అయిన మనిషి మొహం ఎలా ఉంటుందో చూశాను. ఆ సంబరం విమానాశ్రయం బయట నీళ్ల సీసా కొనేదాకానే. సీసా ధర వేలల్లో ఉంది. లెక్కకు అతనే ఒక సూత్రం కనిపెట్టాడు: చివరి మూడు సున్నాలు కొట్టెయ్, మూడుతో గుణించు, వచ్చినదానికి పదో వంతు కలుపు. యాభై వేలంటే యాభై, నూట యాభై, నూట అరవై అయిదు రూపాయలు. సూత్రం బాగానే పనిచేసింది కానీ ప్రతి దుకాణం ముందూ మా నలుగురం ఆకాశంలోకి చూస్తూ పెదవులు కదిపేవాళ్లం. ఏదో స్తోత్రం చదువుతున్నామని అక్కడివాళ్లు అనుకుని ఉంటారు.

నోట్లలో ఒక ప్రమాదం ఉంది. ఇరవై వేల నోటు నీలం, అయిదు లక్షల నోటూ నీలమే. ఒకటి అరవై ఆరు రూపాయలు, మరొకటి పదహారు వందల పైమాట. మా ఆవిడ మొదటి రాత్రే హోటల్ గదిలో పెద్ద నీలాలను వేరే పర్సులోకి మార్చి, ఆ పర్సు తన దగ్గర పెట్టుకుంది. ఆర్థిక శాఖ ఎవరి చేతిలో ఉండాలో ఇంట్లో లాగానే విదేశంలోనూ తేలిపోయింది.

మేము దిగింది పాత నగరంలో. దీన్ని ముప్ఫై ఆరు వీధుల బస్తీ అంటారు. ఒకప్పుడు ఒక్కో వీధిలో ఒక్కో వృత్తివాళ్లు ఉండేవారు, వీధి పేర్లు ఇప్పటికీ ఆ సరుకుల పేర్లే. మన వరంగల్‌లో బట్టల బజార్ ఉన్నట్టు అక్కడ వెండి వీధి, పట్టు వీధి, రేకు వీధి. రేకు వీధిలో ఇప్పటికీ పొద్దున్నుంచి సుత్తి మోత వినిపిస్తూనే ఉంటుంది. వాటన్నిటిలో నన్ను నిలబెట్టేసింది కాగితం వీధి, హాంగ్ మా. చనిపోయిన పెద్దల కోసం కాల్చడానికి కావలసిన సరంజామా అంతా అక్కడ కాగితంతో చేసి అమ్ముతారు. కాగితపు నోట్లు, కాగితపు చొక్కాలు, కాగితపు ఇళ్లు, కాగితపు మోటారు సైకిళ్లు, చివరికి కాగితపు ఫోన్లు. పితృదేవతలకు పిండం పెట్టి చేతులు దులుపుకునే జాతి మనది. స్కూటరు కూడా పంపించాలన్న ఆలోచన మనకెందుకు రాలేదో. మా మామగారికి బండి నడపడం ప్రాణమని గుర్తు చేసుకుని మా బావమరిది ఒక కాగితపు మోటారు సైకిలు బేరమాడాడు కానీ, విమానంలో ఎలా తీసుకెళ్తావని అక్క మందలించేసరికి మానుకున్నాడు.

నిజమైన మోటారు సైకిళ్ల దగ్గరికి వస్తే, ఆ దేశంలో అవి ఏడు కోట్లకు పైగా ఉన్నాయి. అందులో చాలా భాగం మేము రోడ్డు దాటాలనుకున్న సమయానికే ఆ వీధిలోకి వచ్చాయని నా అనుమానం. పైగా వాళ్లు కుడివైపు నడుపుతారు. పుట్టినప్పటి నుంచి కుడివైపు చూసి అడుగేసే అలవాటున్న మనకు బండ్లు ఎడమ చెవి పక్క నుంచి వస్తాయి. బండ్లు ఆగుతాయని నిలబడితే నిలబడ్డట్టే. హోటల్ రిసెప్షన్లోని అమ్మాయి మొదటి రోజు మాతో పాటు బయటికి వచ్చి దాటడం నేర్పింది. పద్ధతి చిన్నది: పరుగెత్తకూడదు, ఆగకూడదు, వెనక్కి అసలే వెళ్లకూడదు. ఒకే వేగంతో, నిదానంగా, అవతలి గట్టు చూస్తూ నడవాలి. మీరు ఎక్కడ ఉంటారో బండివాడు ముందే లెక్కేసుకుని పక్కనుంచి పోతాడు. మీరు భయపడి వేగం మార్చారా, అతని లెక్క తప్పుతుంది. హారన్ మోగుతూనే ఉంటుంది కానీ అందులో తిట్టు ఉండదు, వస్తున్నానన్న కబురే ఉంటుంది. మా ఆవిడ, బావమరిది భార్య చేతులు పట్టుకుని దైవనామస్మరణతో దాటేశారు. అవతలి ఒడ్డున నిలబడి, ఇంకా ఇవతలే ఉన్న మా బావమరిదిని చూసి నవ్వారు. పాపం, అతను కాజీపేట జంక్షన్లో పట్టాలు దాటుతూ పెరిగినవాడు. రైలైతే ఏ పట్టాల మీద వస్తుందో ముందే తెలుస్తుంది.

ఇంకో మాట. ఆ బండ్ల మీద ఫ్రిజ్‌లు వెళ్తాయి, పంది పిల్లలు వెళ్తాయి, మనిషంత ఎత్తు పూల మొక్కలు వెళ్తాయి, ఒక్కో బండి మీద కుటుంబం మొత్తం వెళ్తుంది. కానీ దాదాపు ప్రతి తల మీదా హెల్మెట్ ఉంటుంది. 2007 డిసెంబరులో తప్పనిసరి చేశారట, అప్పటి నుంచి అలవాటైపోయింది. హెల్మెట్‌ను మోచేతికి తగిలించుకుని, పోలీసు కనిపించగానే నెత్తిన పెట్టుకునే విద్య అక్కడ ఎవరికీ రాదు.

ఇక అసలు సంగతి. హనోయిని నిలబడి చూస్తే సగమే కనిపిస్తుంది. ఊరంతా ఫుట్‌పాత్ మీద ప్లాస్టిక్ పీటల మీద కూర్చుని ఉంటుంది. ఎరుపు, నీలం రంగుల్లో జానెడు ఎత్తు పీటలు. మన దగ్గర బాలవాడీ పిల్లలకు వేసేవాటికంటే ఒక పిసరు ఎత్తు ఉంటాయేమో. సూటు వేసుకున్న ఆఫీసరు, కాలేజీ పిల్లలు, మనవడిని ఎత్తుకున్న ముసలమ్మ, అందరూ మోకాళ్లు చెవుల దాకా వచ్చేలా వాటి మీదే కూర్చుని తింటారు, తాగుతారు, గంటలు గంటలు మాట్లాడుకుంటారు. 2016లో అమెరికా అధ్యక్షుడిగా ఉన్న ఒబామా వచ్చినప్పుడు కూడా ఇలాంటి ప్లాస్టిక్ పీట మీదే కూర్చుని, కాల్చిన పంది మాంసం, సేమ్యా కలిపి పెట్టే బున్ చా తిన్నాడు. ఆ హోటల్‌వాళ్లు ఆయన తిన్న బల్లను, పీటలను, సీసాలతో సహా అద్దాల పెట్టెలో పెట్టి దాచారు. అంత పొడుగు మనిషి కూర్చోగా లేనిది నేను కూర్చోలేనా అనుకున్నాను. కూర్చోవడం సులువే. లేవడానికి ఇద్దరు కావాలి.

చిత్రమేమిటంటే ఆడవాళ్లిద్దరికీ ఏ ఇబ్బందీ రాలేదు. కత్తిపీట ముందు కూర్చుని కూరగాయలు తరిగిన కాలం మా ఆవిడ ఇంకా మరిచిపోలేదు. మేము మగవాళ్లం డైనింగ్ టేబుల్ వచ్చాక నేలను పూర్తిగా వదిలేసినవాళ్లం. మూడో పూట నుంచి ఆమె ముందు వెళ్లి పీట పట్టుకునేది, మేము వెనక మెల్లగా దిగేవాళ్లం. అప్పుడప్పుడు పోలీసు బండి వస్తుంది. ఫుట్‌పాత్ ఆక్రమణ కదా. అది వీధి మొదట్లో కనిపించగానే పీటలన్నీ ఒకదానిలో ఒకటి దూరి, బల్లలు మడుచుకుని, నిమిషంలో లోపలికి మాయమవుతాయి. తింటున్నవాళ్లు గిన్నెలు చేత్తో పట్టుకుని నిలబడతారు. బండి మలుపు తిరగగానే పీటలు మళ్లీ మొలుస్తాయి. ఎవరి మొహంలోనూ చిరాకు కనిపించలేదు, పోలీసుల మొహంలో కూడా.

మా హోటల్ సందు చివర ఒకావిడ అలాంటి పీటలతో టీ కొట్టు నడిపేది. చల్లటి టీ, ఐస్ ముక్కలు వేసి, గ్లాసు అయిదు వేల డాంగులు, అంటే మన పదహారు రూపాయలు. పాలు ఉండవు, చక్కెర ఉండదు. తెలంగాణ మనిషి టీ అని ఒప్పుకోవడానికి రెండు రోజులు పడుతుంది, మూడో రోజు నుంచి ఆ ఉక్కపోతలో అది తప్ప మరొకటి దిగదు. ఫోనులో అనువాదం పెట్టుకుని ఆమె మా ఆవిడను అడిగిన మొదటి ప్రశ్న పేరు కాదు, ఊరు కాదు, వయసు. వాళ్లలో అవతలి మనిషి వయసు తెలిస్తే తప్ప సంబోధించడం కుదరదట. అక్కో, చెల్లో, పిన్నో తేలాలి. ముక్కూమొహం తెలియనివాళ్లను అన్నా, అక్కా అని పిలిచే ఊరి నుంచి వచ్చాం కాబట్టి మాకేమీ ఆశ్చర్యం కలగలేదు. లెక్క తేలింది, టీ ఆవిడ మా ఆవిడ కంటే పెద్దది. ఆ క్షణం నుంచి అక్కగారి అధికారం మొదలైంది. మా ఆవిడకు మాత్రం కాస్త ఎత్తయిన పీట, ఐస్ ఎక్కువ, పొద్దుతిరుగుడు గింజలు ఊరికే.

ప్రతిగా మా ఆవిడ సకినాల డబ్బా తెరిచింది. టీ ఆవిడ ఒకటి తీసుకుని వెలుతురుకు ఎత్తిపట్టి, చుట్ల మీద చుట్లు ఎలా తిరిగాయో వేలితో చూసింది. కొరికింది. బియ్యప్పిండి అని చెప్పకముందే ఆమెకు తెలిసిపోయింది, ఎంతైనా బియ్యం దేశం కదా. నువ్వుల సంగతి కూడా చప్పున పట్టేసింది. వాము మాత్రం అర్థం కాలేదు, ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు ఆలోచించింది. తర్వాత పక్క కొట్లోవాళ్లను కేకేసింది. మా బావమరిది బాధగా చూస్తుండగానే డబ్బా సగానికి వచ్చింది.

తిండి విషయంలో నలుగురికి నాలుగు అభిప్రాయాలు. నాకు ఫో నచ్చింది. గంటల తరబడి కాచిన ఎముకల రసంలో బియ్యపు సేమ్యా, పైన పచ్చి ఆకులు. అయితే మామూలుగా దొరికేది గొడ్డు మాంసంతోనే; కోడిమాంసంతో కావాలంటే అడిగి తీసుకోవాలి. శాకాహారానికి వాళ్ల దగ్గర వేరే హోటళ్లు ఉన్నాయి. బౌద్ధుల్లో చాలామంది చాంద్రమాన మాసంలో ఒకటో రోజున, పదిహేనో రోజున మాంసం ముట్టరు, అందుకే సోయాతో వంద రకాలు చేస్తారు. మామూలు హోటల్లో మాత్రం కూరగాయల వేపుడు అడిగినా అందులో చేపలను ఉప్పులో ఊరబెట్టి తీసిన రసం పడే ఉంటుంది. మన దగ్గర ఉప్పు ఎలాగో వాళ్లకు అది అలాగ. మా బావమరిది భార్య ఆ వాసన తగలగానే కెటిల్లో అన్నం వండుకునే ప్రయోగానికి దిగింది. ఫలితం గురించి ఇక్కడ రాయవద్దని కోరింది.

కారం మాట అడుగుతారని తెలుసు. ఏనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల మధ్య తుమ్ముతూ పెరిగినవాడికి హనోయి వంట చప్పగానే ఉంటుంది. బల్ల మీద సీసాలో వెల్లుల్లి, మిరపకాయ ముక్కలు వెనిగర్‌లో ఊరుతూ ఉంటాయి. మా బావమరిది చెంచాలు చెంచాలుగా వేసుకుంటుంటే వంటమనిషి బయటికి వచ్చి కంగారుగా చేయి ఊపాడు. ఇతను నవ్వి ఇంకో చెంచా వేసుకున్నాడు. ఆ తర్వాత వంటింట్లోంచి మరో ఇద్దరు వచ్చి చూశారు.

గుడ్డు కాఫీ గురించి చెప్పకపోతే పాపం. 1946లో పాలకు కరవొచ్చినప్పుడు, మెట్రోపోల్ హోటల్లో పనిచేసే న్గుయెన్ వాన్ జాంగ్ అనే ఆయన పాలకు బదులు గుడ్డు పచ్చసొన గిలక్కొట్టి కాఫీ మీద వేశాడు. ఆయన పెట్టిన కాఫీ కొట్టు ఇప్పటికీ నడుస్తోంది. చిన్న కప్పు చల్లారకుండా వేడినీళ్ల గిన్నెలో కూర్చోబెట్టి ఇస్తారు. పైన మందంగా పసుపు రంగు నురగ, అడుగున చేదు కాఫీ. మా ఆవిడ గుడ్డు తినదు, వాసన చూసి ఊరుకుంది. నేను రెండు తాగాను. నీచు వాసన అసలు లేదు, మీగడలా ఉందని చెప్పినా ఆమె నమ్మలేదు.

ఒక ఉదయం, వియత్నాం స్వాతంత్ర్య పోరాటం నడిపిన కమ్యూనిస్టు నేత హోచిమిన్ సమాధి మందిరానికి వెళ్లాం. పొద్దుటి పూట మాత్రమే తెరుస్తారు, సోమ, శుక్రవారాలు ఉండదు. పొట్టి నిక్కర్లతో రానివ్వరు కాబట్టి మా బావమరిది బయట చెట్టు కింద సంచుల కాపలా ఉద్యోగంలో కుదిరాడు. లోపల మాట్లాడకూడదు, ఫోటో తీయకూడదు, జేబుల్లో చేతులు పెట్టుకోకూడదు, ఇద్దరిద్దరుగా నడుస్తూనే ఉండాలి. తన దేహాన్ని దహనం చేయమని ఆయన రాసిపెట్టినా, 1969లో కన్నుమూశాక భద్రపరిచారు. లెనిన్, స్టాలిన్ అని పిల్లలకు పేర్లు పెట్టుకున్న జిల్లాల నుంచి వచ్చినవాడిని, ఆ గాజు పెట్టె పక్క నుంచి నడుస్తుంటే చిన్నప్పుడు గోడల మీద చదివిన నినాదాలన్నీ గుర్తొచ్చాయి. మా వీధిలో ఉండే రిటైర్డు మాస్టారు ఆయన ఫోటో ఒకటి తెమ్మని మరీ మరీ చెప్పారు. ఫోటో కుదరదు కదా. అయితే ఆ దేశపు దాదాపు ప్రతి నోటు మీదా ఆయన బొమ్మే. కాబట్టి వెయ్యి డాంగుల నోటు ఒకటి తెచ్చిచ్చాను, విలువ మూడు రూపాయల పైచిలుకు. మాస్టారు దాన్ని లామినేషన్ చేయించి అల్మరా అద్దానికి అంటించారు. వెయ్యి అని అచ్చయి ఉండటం వల్ల నేను చాలా ఖర్చు పెట్టానని వాళ్లింట్లో అందరి నమ్మకం. నేను దిద్దలేదు.

ఆ పక్కనే ఒంటిస్తంభం పగోడా. 1049లో లీ థాయ్ తోంగ్ రాజు, కలలో తామర మీద కూర్చున్న దేవత తన చేతికి కొడుకును అందించిందని, తామర ఆకారంలో కొలను మధ్య ఒకే స్తంభం మీద కట్టించాడట. 1954లో ఫ్రెంచివాళ్లు వెళ్తూ వెళ్తూ పేల్చేస్తే మరుసటి ఏడాది తిరిగి కట్టారు. హనుమకొండ వేయిస్తంభాల గుడి 1163 నాటిది, అంటే ఇది మన గుడి కంటే నూరేళ్లకు పైగా పాతది. గైడు ఇదంతా ఎంతో భక్తిగా చెబుతుంటే మా బావమరిది నా చెవిలో, "తొమ్మిది వందల తొంభై తొమ్మిది తక్కువయ్యాయి బావా" అన్నాడు. నవ్వు ఆపుకోవడానికి నేను కొలనులో చేపలను లెక్కపెట్టాల్సి వచ్చింది.

రైలు వీధికీ తీసుకెళ్లారు. ఇళ్ల గుమ్మాలకు బారెడు దూరంలో రైలు పోతుంది, ఇరుపక్కలా కాఫీ కొట్లు, జనం ఫోన్లు పట్టుకుని ఎదురుచూస్తారు. రైలు వచ్చినప్పుడు అందరూ కేరింతలు కొడుతుంటే మా బావమరిది మాత్రం వంగి పట్టాలు చూస్తున్నాడు. మీటర్ గేజ్ అట. చిన్నప్పుడు నాన్నతో నిజామాబాద్ వైపు వెళ్లిన రైలు గేజ్ అదే, ఇక్కడ ఇంకా బతికే ఉందని మురిసిపోయాడు. వచ్చినవాళ్లలో పట్టాల వెడల్పు ఫోటో తీసుకున్నది బహుశా అతనొక్కడే.

సాహిత్య దేవాలయం ప్రశాంతంగా ఉంది. 1070లో కట్టారు, రాజుల కాలంలో పెద్ద పరీక్షలు నెగ్గినవాళ్ల పేర్లు చెక్కిన 82 రాతి పలకలు రాతి తాబేళ్ల మీద నిలబడి ఉన్నాయి. పరీక్షలకు ముందు పిల్లలు వచ్చి తాబేళ్ల తలలు నిమిరేవారు, అరిగిపోతున్నాయని ఇప్పుడు కంచె వేశారు. హాలాంగ్ అఖాతం అందరూ చెప్పేంత అందంగానూ ఉంది, అందరూ వెళ్లేంత రద్దీగానూ ఉంది. దాదాపు రెండు వేల సున్నపురాతి దీవులు నీళ్లలోంచి నిటారుగా లేచి ఉంటాయి. లక్నవరంలో వేలాడే వంతెన మీద నిలబడి ఎన్ని దీవులున్నాయని లెక్కబెట్టేవాళ్లం, ఇక్కడ ఆ ఊసే ఎత్తలేదు. ఈ రెండు చోట్లూ నోట్ల మీద ఉన్నాయి, లక్ష నోటు మీద దేవాలయపు మండపం, రెండు లక్షల నోటు మీద హాలాంగ్. చూసినదాన్ని వెంటనే ఖర్చు పెట్టేయడం మా ఆవిడకు నచ్చలేదు.

వెళ్లేవాళ్లకు నాకు తోచిన సలహా ఒక్కటే: శని, ఆదివారాలు హనోయిలో ఉండేలా చూసుకోండి. హోవాన్ కియెమ్ సరస్సు చుట్టూ వీధుల్లో వాహనాలు ఆపేస్తారు. ఏడు కోట్ల బండ్లున్న దేశంలో అదొక పండుగ. పిల్లలు బొంగరాలు తిప్పుతారు, ఆడవాళ్లు పాటలకు అడుగులు వేస్తారు, ముసలివాళ్లు గుండ్రంగా నిలబడి ఈకల బంతిని కాలితో తన్నుతూ ఆడతారు. బంతి కింద పడకూడదు, చెయ్యి తగలకూడదు. డెబ్బై ఏళ్లు దాటిన ఒక పెద్దాయన మడమతో, మోకాలితో, వీపు వెనక నుంచి కూడా తన్నుతున్నాడు. మా బావమరిది రోషంతో దూకాడు. పెద్దాయన మర్యాదగా మెల్లగా అందించాడు. ఇతను బలమంతా పెట్టి తన్నాడు. బంతి ఉన్నచోటే పడింది, చెప్పు ఎగిరి, దారి పక్కన టీ అమ్ముకునే ఒకావిడ ఐస్ డబ్బా మూత మీద వాలింది. ఆమె తలెత్తి చూడకుండా ఐస్ పట్టుకారుతోనే దాన్ని తీసి పక్కన పెట్టి, పట్టుకారు కడిగి, గ్లాసులో టీ పోసి అతని వైపు జరిపింది. పక్కనే ఒక పీట కూడా వేసింది.